పొద్దుగూకిన తరువాత స్నానం

అరవై నాలుగు అని రాసేసింది. నన్ను అడగనైనా లేదు. తొమ్మిదో ప్రశ్న పైకి చదివింది, "మొట్టమొదటిసారి కీళ్ళు వాచి బిగుసుకుపోయింది మీ ఎన్నో ఏట?" అని. చదువుతూనే కలం గడిలో పెట్టి ఆరూ నాలుగూ రెండంకెలూ వేసేసి పదో ప్రశ్నకు వెళ్ళిపోయింది నా కోడలు నికెన్. ఆ కలానికి పాత గుడ్డ చుట్టి పైన రబ్బరు బాండ్లు వేసుకుంది, సన్నటి కలం తన వేళ్ళకు ఆనదు. నా వేళ్ళకు లావుదీ ఆనదు, అందుకే నా కాగితం కూడా తనే నింపుతోంది. పదో ప్రశ్న, పొద్దున లేచాక బిగువు వదలడానికి ఎంతసేపు పడుతుంది. "గంటన్నర అని రాయనా ఇబూ?" అంది. ఇబు అంటే అమ్మ. పెళ్ళయిన రోజు నుంచీ అలాగే పిలుస్తుంది, అంత మర్యాదగా పిలిచి నేను చెప్పినదాంట్లో ఒక్కటీ వినదు. గంటన్నర అనే రాయి అన్నాను. అప్పుడే అనాల్సింది, ఆగమ్మాయ్, తొమ్మిది దగ్గర ఆగు అని. అనలేదు. తను పదకొండుకు వెళ్ళింది, పన్నెండుకు వెళ్ళింది, తొమ్మిది వెనకబడిపోయింది, బస్సులో మనం దిగాల్సిన స్టాపు దాటిపోయినట్టు. లేచి అరిస్తే అందరూ చూస్తారు. కూర్చుంటే ఎక్కడికి తీసుకుపోతుందో తెలీదు.

ఏడున్నరకే ఈ వరండాలో ఇనుప కుర్చీలన్నీ నిండిపోయాయి. కీళ్ళ విభాగం ముందు జనం వేరు, ఇక్కడ ఎవరూ గబుక్కున కూర్చోరు, ఎవరూ గబుక్కున లేవరు. నంబరు పిలిచాక ఆ మనిషి నిలబడేలోపు నర్సు మూడుసార్లు పిలిచి, రాలేదనుకుని తరువాతి నంబరు పిలిచి, ఇద్దరూ తలుపు దగ్గర కలుసుకుని ఒకరికొకరు క్షమాపణలు చెప్పుకుంటారు. మా ఇద్దరి మధ్య కుర్చీలో అల్లం నీళ్ళ ఫ్లాస్కు కూర్చుంది, దానికీ ఒక నంబరిచ్చినట్టు. మూత రాదు. మా ఇంట్లో మూతలు వదులు చెయ్యడం మా అబ్బాయి సెనో పని. పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళేముందు వంటిల్లంతా ఒక చుట్టు తిరిగి చక్కెర డబ్బా, సోయా సీసా, నూనె డబ్బా, వాళ్ళమ్మ మందుల సీసా, వాళ్ళావిడ మందుల సీసా, అన్నిటి మూతలూ అరచుట్టు వదులు చేసి పోతాడు. గట్టిగా మూత బిగించిన వస్తువు మా ఇంట్లో ఒక్కటీ ఉండదు, ఆ సంగతి వీధిలో చీమలన్నిటికీ తెలుసు. ఇవాళ అమ్మా పెళ్ళామూ ఇద్దరూ ఒక్కసారే ఆస్పత్రికి వెళుతున్నారని ఎక్కడలేని శ్రద్ధా వచ్చి ఫ్లాస్కు తనే నింపి తనే బిగించి ఇచ్చాడు. నికెన్ ప్రయత్నించింది. నేను పైట కొంగు చుట్టి ప్రయత్నించాను. ఎదుటి కుర్చీలో నల్లటోపీ పెద్దమనిషి "ఇటివ్వండమ్మా, దీనికింత హైరానా ఎందుకు" అని చెయ్యి చాచాడు. తిప్పాడు, మొహం ఎర్రబడింది, నవ్వాడు, పక్కాయనకిచ్చాడు. ఆయన వాళ్ళావిడకిచ్చాడు. ఫ్లాస్కు వరస చివరిదాకా పోయి, చివర్లో ఒకాయన దాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని అబ్బా అని వదిలేసి, మళ్ళీ చేతులు మారి మారి మా దగ్గరికి వచ్చింది, ఎలా వెళ్ళిందో అలాగే. "దీన్ని తెరవగలిగినవాళ్ళకి ఇక్కడ పనేముంది ఇబూ," అంది నికెన్ కాగితంలోంచి తలెత్తకుండానే. నవ్వొచ్చింది. నవ్వబోయి తొమ్మిదో ప్రశ్న గుర్తొచ్చి ఆగిపోయాను.

ఈ కాగితాలన్నీ డాక్టర్ లారస్ పుణ్యం. ముప్ఫై దాటని పిల్ల, మెడలో కార్డు ఎప్పుడూ వెనక్కి తిరిగి ఉంటుంది, మాట్లాడుతూ మాట్లాడుతూ మన చెయ్యి తన చేతిలోకి తీసుకుని ఒక్కో వేలూ నొక్కి చూస్తుంది, చిక్కుడుకాయలు నాణ్యం చూసినట్టు. రెండు వారాల క్రితం మందులకు వచ్చినప్పుడు మా ఇద్దరినీ ఒకేసారి చూసి ఆగిపోయింది. "మీరిద్దరూ ఒకే ఇంట్లోనా? ఒకే బావి నీళ్ళా? ఒకే కుండలో అన్నమా?" అని అడిగింది. అవునన్నాను, అన్నం ఒకే కుండ, కారం మాత్రం వేరు, ఈ అమ్మాయి క్లాతెన్ ఊరి మనిషి, వాళ్ళు పచ్చడిలో కూడా చక్కెర వేస్తారు అన్నాను. కారం సంగతి రాసుకోలేదు. "ఒకరికి ఇరవై ఏడో ఏట వచ్చింది, ఇంకొకరికి అరవై నాలుగో ఏట వచ్చింది. ఒకే ఇల్లు! మీలాంటి జంట నాకు మళ్ళీ దొరకదు," అని చప్పట్లు కొట్టబోయి, రోగుల ముందు బాగుండదని ఆపుకుంది. నాకు పెళ్ళిచూపులనాడు కూడా ఎవరూ అంత సంతోషించలేదు.

చిన్నతనంలో వచ్చే కీళ్ళవాతమూ, అరవై దాటాక వచ్చే కీళ్ళవాతమూ పేరుకు ఒకటేనట కానీ లోపల నడిచే వ్యవహారం ఒకటేనో కాదో చూస్తున్నారట. రక్తంలో తెల్ల కణాలుంటాయి, ఒంటికి అవే కాపలా. వాటిలో చాలా రకాలు. వయసులో ఉన్నప్పుడు జబ్బు మొదలైనవాళ్ళలో ఏ రకం ఎక్కువ, ముసలితనంలో మొదలైనవాళ్ళలో ఏ రకం ఎక్కువ అని లెక్క తేలితే, ఎవరికి ఏ మందు ముందు మొదలుపెట్టాలో తెలియవచ్చు. కాపలా కణాలు మన కీళ్ళనే పరాయివాళ్ళనుకుని మీద పడతాయి ఇబూ, అంది డాక్టరమ్మ. నాకు వెంటనే పోనిమాన్ గుర్తొచ్చాడు. పోనిమాన్ నా తమ్ముడు. మా సందులో మగవాళ్ళు వంతులవారీగా గస్తీ తిరిగే రోజుల్లో, తెల్లవారుజామున మొదటి బస్సు దిగి నెత్తిన పనసపండుతో మా ఇంటికి వస్తుంటే, గస్తీలో ఉన్న మా ఆయన సుదార్మో, ఇంకో ముగ్గురూ గస్తీ బోలు కొయ్యమొద్దు మోగించి, దొంగ దొంగ అని తరిమి, పనసపండుతో సహా కాలవలో పడేసి కొట్టారు. ముందు కొట్టింది మా ఆయనే. సొంత బావమరిది. తరువాత కాళ్ళకు నూనె రాసిందీ ఆయనే, పనసపండు ఎక్కువ తిన్నదీ ఆయనే. ఈ కథ చెబితే డాక్టరమ్మ పుస్తకం తీసి రాసుకుంది. మరి ముసలితనంలో కాపలా ఎలా ఉంటుంది అని నన్నే అడిగింది. ఎలా ఉంటుంది, కుర్రాళ్ళందరూ జకార్తా పోయాక గస్తీ అంతా వీర్యో గారి చేతిలో పడింది, డెబ్బై మూడేళ్ళు, నిద్రపట్టదు, వంతు వదలడు, ఇంటికి పొమ్మంటే పోడు, పిల్లి నడిచినా మొద్దు మోగిస్తాడు, సందంతా లేచి కూర్చుంటుంది అన్నాను. "మేము కొంతవరకూ అలాగే అనుకుంటున్నాం," అంది డాక్టరమ్మ చాలా గంభీరంగా. "అలసిపోయి కూడా ఇంటికి పోని కణాలు. కానీ ఇంకా తేలలేదు." నాకు ఆ రోజంతా గర్వంగా ఉంది. వైద్యశాస్త్రానికి మా సందు కూడా పనికొచ్చింది.

అరవై నాలుగు అబద్ధం కాదు. అరవై నాలుగో ఏట వచ్చింది నిజం. ఒక్క వారంలో వచ్చింది, భుజాలు, మణికట్లు, పక్కమీంచి లేవడానికి గోడకు కట్టిన తాడు పట్టుకోవాల్సి వచ్చింది. అయిదు నెలలు ఎవరికీ చెప్పలేదు. ఎలా చెప్పను? మా సందులో పొద్దుగూకాక స్నానం చేస్తే కీళ్ళు పట్టేస్తాయని చెప్పే మనిషిని నేనే. అందరూ అంటారు కానీ నాలా అనరు. పెళ్ళికూతుళ్ళకు బాతిక్ బట్టకు కుచ్చిళ్ళు పెట్టడం నా పని, ముప్ఫై అయిదేళ్ళు పెట్టాను, అంచు దగ్గర రెండు వేళ్ళ వెడల్పు మడతలు, తొమ్మిదో పదకొండో, బేసి లెక్క, ఒకదాని మీద ఒకటి గోటితో నొక్కి. ఆ పనిలో పెళ్ళికూతురు కదలకుండా నిలబడాలి, కదలలేని మనిషికి బుద్ధులు చెప్పడం సుళువు. కొత్త కాపురం, ఏవేళప్పుడు పడితే ఆవేళప్పుడు నీళ్ళు పోసుకోకు, పొద్దుగూకే మగ్రిబ్ అజాన్ లోపల స్నానం అయిపోవాలి, లేకపోతే నలభై రాకుండా కీళ్ళు పడతాయి. ఎంతమందికి చెప్పానో. అలాంటి నాకే వచ్చిందంటే? చివరికి బయటపడ్డాక పక్కింటి తుమినీ గారు అరటికాయ వేపుళ్ళు తెచ్చి, మంచం దగ్గర కూర్చుని, గొంతు తగ్గించి అడిగింది, "నిజం చెప్పు వార్సినీ, ఎవరితో అననులే, చాటుగా రాత్రిళ్ళు పోసుకుంటున్నావు కదూ?" అని. లేదంటే నమ్మలేదు. వీధిలో ఎవరూ నమ్మలేదు. నేనేదో ముప్ఫై ఏళ్ళుగా దొంగస్నానాలు చేసిన మనిషినైపోయాను.

నికెన్ మాత్రం ఒక్క మాట అనలేదు. మందు సీసా తెచ్చి, తన సీసా పక్కనే పెట్టి, "పొద్దున అన్నం తిన్నాకే వేసుకోండి, ఖాళీ కడుపుతో వేసుకుంటే తిప్పుతుంది" అంది. అంతే. ఒక్క మాట అని ఉంటే నాకు హాయిగా ఉండేది.

కానీ అరవై నాలుగు మొదటిసారి కాదు. ముప్ఫై ఒకటి. సెనోకు ఎనిమిదో నెల. ఒక పొద్దున కుడిచేతి చూపుడు వేలూ మధ్య వేలూ చిట్టి అరటిపళ్ళలా ఉబ్బి ఉన్నాయి. తరువాత ఎడంచేతివి. పిల్లవాడి చొక్కా గుండీ పెట్టలేను, పంటితో పెట్టేదాన్ని, వాడికది ఆట, కిలకిలా నవ్వేవాడు. మా అత్తగారు చూసింది. ఆవిడ అరిచే మనిషి కాదు, నవ్వుతూ చెప్పేది, అదే భయం. "చీకటిపడ్డాక నీళ్ళు పోసుకుంటే ఇంతే మరి. నీ ఒళ్ళు నీ ఇష్టం, పిల్లాడికి పాలు మాత్రం చల్లబడకుండా చూడు," అంది. పోసుకునేదాన్ని, నిజమే. పగలంతా పిల్లాడు, పని, ఒంటరిగా ఉండేది ఆ పది నిమిషాలే. మానేశాను. ఆవిడ అల్లం, కచ్చూరం నూరి వేళ్ళకు పట్టువేసింది, ఎవరికీ చెప్పకు, కుచ్చిళ్ళు పెట్టే చేతికి జబ్బని తెలిస్తే ఎవరు పిలుస్తారు అంది. చెప్పలేదు. ఆ నెలల్లో ఒక పెళ్ళికి పిలిస్తే వెళ్ళాను, మడత నొక్కడానికి వేలు వంగదు, మణికట్టుతో నొక్కాను, కుచ్చిళ్ళు పాములా వంకర తిరిగాయి. పెళ్ళికూతురి తల్లి పక్క ఊరు సోలో నుంచి వచ్చిన మనిషి, ఇదేమిటి అంది. ఇది మా జోగ్జా పద్ధతండీ అన్నాను. నమ్మింది. సోలో వాళ్ళు మా గురించి ఏం చెప్పినా నమ్ముతారు. నాలుగు నెలలకు వాపు దానంతటదే పోయింది. దానంతటదే అని ఇప్పుడంటున్నాను, అప్పుడనలేదు. స్నానం మానాను, పోయింది. కళ్ళతో చూశాను. ఇంకేం కావాలి? అత్తగారిది గెలుపు, నాది ఆరోగ్యం. ముప్ఫై ఏళ్ళు ఆవిడ మాటను నా మాటగా ఊరంతా పంచాను.

అదీ సంగతి. ఇప్పుడు ముప్ఫై ఒకటి అని చెబితే ఏమవుతుంది? డాక్టరమ్మ జంట విడిపోతుంది, అది ఒకటి. పాపం, చప్పట్లు కూడా సగంలో ఆపుకుంది. కానీ అసలు సంగతి అది కాదు. అసలు సంగతి నా పక్క కుర్చీలో కూర్చుని, గుడ్డచుట్టిన కలంతో పద్నాలుగో ప్రశ్న నింపుతోంది. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఈ జబ్బు ఉందా. "ఉంది, కోడలికి," అని రాసింది నా కాగితం మీద. తన కాగితం మీద "ఉంది, అత్తగారికి" అని రాసింది. 

పెళ్ళయిన రెండో ఏడు. నెలనెలా సందులో ఆడవాళ్ళందరూ ఒకరింట్లో కూడతారు, ఆ నెల మా ఇల్లు. నికెన్ అన్నం గిన్నె రెండు చేతులా తెస్తూ తెస్తూ గుమ్మంలో వదిలేసింది. చాపంతా అన్నం. అందరూ అయ్యో అని లేచారు. నేను లేవలేదు. నేను దాని వేళ్ళు చూశాను. చూపుడు వేలూ మధ్య వేలూ. చిట్టి అరటిపళ్ళు. ఆ క్షణంలోనే తెలిసిపోయింది నాకు, ఏ డాక్టరుకన్నా ముందు, దానికన్నా కూడా ముందు. తెలిసి ఏమన్నాను? "కొందరి వేళ్ళకు పని కనబడితేనే నొప్పి" అన్నాను. అందరూ నవ్వారు. తుమినీ గారు మరీ నవ్వింది. నికెన్ వంగి అన్నం ఎత్తింది, గుప్పెట మూసుకోక మెతుకులు జారిపోతుంటే అరచేతులతో తోసి తోసి ఎత్తింది. ఆ మాట ఎందుకన్నాను? కోపం. మందు నా దగ్గరుంది, ఉచితంగా ఇస్తున్నాను, తీసుకోదు. తను పనిచేసే నోటరీ ఆఫీసు నుంచి వచ్చేసరికి పొద్దుగూకుతుంది, వస్తూనే స్నానాలగది, గడియ, ఇక చెంబు చప్పుడు. నేను వంటింట్లో కూర్చుని లెక్కపెట్టేదాన్ని. పద్నాలుగు చెంబులు. పదహారు. ఒకరోజు ఇరవై రెండు. ఒక్కో చెంబూ నా మీదే పోస్తున్నట్టు ఉండేది. బయటికి వచ్చాక, "అయిందా మహారాణీ అభిషేకం? రేపు వేళ్ళు వంగకపోతే నన్నడక్కు" అనేదాన్ని. తలవంచుకుని వెళ్ళిపోయేది. తల తడవదు, అదొకటి, ఇరవై రెండు చెంబులు పోసుకున్నా జుట్టు తడవదు. సబ్బు మూడు నెలలు వచ్చేది. క్లాతెన్ వాళ్ళు సబ్బు దగ్గర కూడా పొదుపే అనుకునేదాన్ని. ఇప్పటికీ అంతే, ఎనిమిదేళ్ళు, నాకూ జబ్బు వచ్చాక మాత్రం నేను పైకి అనడం తగ్గించాను. లెక్కపెట్టడం మానలేదు.

చెబితే తనకు తెలిసిపోతుంది. ఆ నొప్పి తెలిసి కూడా ఆ మాట అన్నానని. నొప్పి ఎలా ఉంటుందో తెలియని మొద్దు అత్తగారినని ఇన్నాళ్ళూ అనుకుని క్షమించింది కాబోలు, ఆ క్షమ వెనక్కి తీసుకుంటుంది. అప్పుడు నా మందు సీసా తన సీసా పక్కన పెడుతుందా? ఇబూ అని పిలుస్తుందా? పిలుస్తుంది, మర్యాద తెలిసిన పిల్ల, కానీ మా అత్తగారిలా నవ్వుతూ పిలుస్తుంది. ఆ నవ్వు నేను ఈ వయసులో మళ్ళీ భరించలేను. చెప్పకపోతే? ఏమీ కాదు. నాలుగు నెలల వాపు, ముప్ఫై అయిదేళ్ళ కిందటిది. మా ఆయన లేడు, అత్తగారు లేదు, సోలో ఆవిడ ఎక్కడుందో. సెనో గుండీల సంగతి సెనోకు గుర్తుండదు. నల్లటోపీ పెద్దమనిషి మళ్ళీ ఫ్లాస్కు వైపు చూస్తున్నాడు, ఇంకోసారి ప్రయత్నించాలని ఉన్నట్టుంది. మగవాళ్ళు మూతల్ని అంత తేలిగ్గా వదలరు.

"నలభై ఒకటి! నలభై రెండు! వార్సినీ అవ్వగారూ!" నర్సు. అవ్వట. లేచేలోపు నలభై మూడును కూడా పిలిచేసింది.

లోపల గదిలో చల్లగా ఉంది. డాక్టర్ లారస్ బల్లమీద చిన్న గాజుగొట్టాలు వరసగా పెట్టుకుని కూర్చుంది, ఊదారంగు మూతలు. వాటిలో సగం నావి, సగం నికెన్‌వి. కార్డు వెనక్కి తిరిగే ఉంది. "కూర్చోండి ఇబూ, నిదానంగా. మందు వేసుకోలేదుగా పొద్దున? మంచిది. రక్తం తీసేముందు ఒక్కసారి కాగితం చూసుకుందాం," అని ఒక్కో ప్రశ్నా చదువుతోంది. పేరు, వయసు, బరువు. బరువు దగ్గర నికెన్ రెండు కిలోలు తగ్గించి రాసింది నా కోసం, ఆ సంగతి ఇప్పుడే చూశాను. ఎంత మంచి పిల్ల. ఎందుకింత మంచి పిల్ల? "ఇక తొమ్మిది. ఈ ఒక్క అంకె సరిగ్గా ఉంటే చాలు ఇబూ, మా పనంతా దీని మీదే ఉంది. మిగతావి మీ రక్తం చెబుతుంది, అబద్ధమాడదు. మొదలైంది ఎప్పుడన్నది మాత్రం రక్తం చెప్పలేదు, మీరే చెప్పాలి. అరవై నాలుగు. కదా?"

అవునను. ఒక్క మాట. నోరు తెరిచాను కూడా. తెరిస్తే నాకు కనబడింది బాతిక్ బట్ట, దాని అంచు, మొదటి మడత. మొదటి మడత గోరంత పక్కకు పోతే రెండోది దాన్ని పట్టుకుని పోతుంది, మూడోది రెండోదాన్ని, పదకొండో మడత వచ్చేసరికి పెళ్ళికూతురు ఒక పక్కకు ఒరిగినట్టుంటుంది, ఎవరికీ తప్పెక్కడుందో తెలీదు. నాకు తెలుసు. విప్పి మళ్ళీ మొదటినుంచి పెట్టాల్సిందే. ఈ పిల్ల ఇలాంటి కాగితాలు ఎన్ని పోగుచేసిందో, గుట్టగా ఉన్నాయి, వాటిమీద ఎవరెవరికో ఏయే మందులో. ఆ గుట్టలో నాదొక్కటి వంకర. ఇది జోగ్జా పద్ధతి అని చెప్పడానికి ఈవిడ సోలో మనిషి కూడా కాదు.

"ముప్ఫై ఒకటి," అన్నాను.

"ఏంటిబూ ముప్ఫై ఒకటి?" అంది నికెన్. నా నంబరు చీటీ చూసింది. "మనది నలభై రెండు."

"నా వయసు. అప్పుడు. సెనోకు ఎనిమిదో నెల. ఈ రెండు వేళ్ళూ, తరువాత ఈ చేతివి. నాలుగు నెలలుండి పోయాయి. ఎవరికీ చెప్పలేదు."

డాక్టరమ్మ మొహం చూడాలి, ముద్ద నోటిదాకా వెళ్ళి జారినట్టు అయింది. "నా జంట," అంది నెమ్మదిగా. మళ్ళీ తేరుకుని ప్రశ్న మీద ప్రశ్న వేసింది, పొద్దున బిగువు ఎంతసేపు, జ్వరం ఉందా, ఏ వేలు ముందు. కాన్పు తరువాత కొందరికి అలా వచ్చిపోతుంది, అది ఇదేనో కాదో ఇన్నేళ్ళకు తేల్చలేం, కానీ చెప్పడం చాలా మంచిదైంది, చాలా చాలా మంచిదైంది అంది. కాసేపటికి ఆవిడ కళ్ళు మెరిశాయి. "ఇబూ, ఇప్పుడు మీ కణాలు ఏ గడిలో కూర్చుంటాయో చూడాలి. చిన్నవాళ్ళ గడిలోనా, పెద్దవాళ్ళ గడిలోనా?" కొత్త బొమ్మ దొరికిన పిల్లలా కాగితం తిప్పి వెనక రాయడం మొదలుపెట్టింది. ఆవిడకైతే ఏదైనా లాభమే.

నేను పక్కకు చూడలేదు. పక్కనుంచే వచ్చింది మాట.

"అంటే, ఆ రోజు అన్నం గిన్నె పడిపోయినప్పుడు మీకు తెలుసు."

"తెలుసు."

"వేళ్ళు చూశారు."

"చూశాను. చూసే అన్నాను." ఇంకా ఏదో చెప్పాలి. అత్తగారు, అల్లం పట్టు, స్నానం మానితే తగ్గడం, అన్నీ నోటిదాకా వచ్చాయి, అన్నీ సాకుల్లా ఉన్నాయి. "స్నానం మానితే పోయిందనుకున్నానమ్మాయ్. నిజంగానే అనుకున్నాను. నువ్వు మానవు. పదహారు చెంబులు. నాకు ఒళ్ళు మండేది. తప్పు నాది. అందరి ముందూ అన్నాను, అందరి ముందూ చెబుతాను, తుమినీ గారి ముందు కూడా."

నికెన్ గుడ్డచుట్టిన కలం ఒళ్ళో పెట్టుకుని రబ్బరు బాండు లాగుతోంది, వదులుతోంది. కింది పెదవి బిగబట్టింది. ఏడుస్తుందనుకున్నాను. అయిపోయింది, పోయింది, అనుకున్నాను. భుజాలు కదిలాయి. ఏడుపు కాదు. నవ్వు. ఆపుకుంటోంది, ఆగడం లేదు, ముక్కులోంచి వస్తోంది.

"లెక్కపెట్టేవారా ఇబూ? చెంబులు?"

"రోజూ."

"నేను చీకటిపడ్డాక ఎప్పుడూ నీళ్ళు పోసుకోలేదు ఇబూ. ఆఫీసులోనే కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చేదాన్ని. పొద్దున ఒక్కసారే నా స్నానం."

నాకు అర్థం కాలేదు. "మరి ఆ నీళ్ళన్నీ?"

"నేలమీద." కళ్ళు తుడుచుకుంది. "మన ఇంట్లో గడియ ఉన్న గది అదొక్కటే. మా అమ్మతో ఫోన్ మాట్లాడేదాన్ని. మీకు వినపడుతుందని చెంబుతో నీళ్ళు పోసేదాన్ని. ఎక్కువ తిట్టిన రోజు ఎక్కువ చెంబులు."

తడవని జుట్టు. మూడు నెలల సబ్బు. ఇరవై రెండు చెంబుల రోజు ఏ రోజో గుర్తుతెచ్చుకోవడానికి ప్రయత్నించాను. గుర్తొచ్చింది. తుమినీ గారి అమ్మాయి పెళ్ళికి నికెన్ కట్టుకొచ్చిన బట్ట కుచ్చిళ్ళు నేను అందరి ముందూ విప్పి మళ్ళీ పెట్టిన రోజు. న్యాయమే. ఇరవై రెండు తక్కువే. ముప్ఫై ఏళ్ళకు పైగా నేనూ చీకటిపడ్డాక స్నానం చెయ్యలేదు, అదీ చెయ్యలేదు, ఇద్దరికీ జబ్బు వచ్చింది, తడిసింది గచ్చు ఒక్కటే, దానికేమీ రాలేదు. "డాక్టరమ్మా, మీ కాగితంలో స్నానం గురించి ప్రశ్న ఉందా?" అని అడిగాను. "లేదిబూ," అంది ఆవిడ తలెత్తకుండా. "ఉంటే ఎనిమిదేళ్ళ లెక్క ఉంది నా దగ్గర," అన్నాను.

నర్సు వచ్చి నా మోచెయ్యి పైన రబ్బరు పట్టీ కట్టింది. "పిడికిలి బిగించండి అవ్వగారూ." బిగిస్తే కదా. ఈ వేళప్పుడు నా పిడికిలి గిన్నెలా ఉంటుంది. నికెన్ తన రెండు వేళ్ళు అందులో పెట్టింది, చూపుడు వేలూ మధ్య వేలూ. "వీటిని నొక్కండి. గట్టిగా కాదు, అబ్బా, ఇబూ, గట్టిగా కాదన్నాను!" డాక్టరమ్మ నవ్వుతూ నవ్వుతూ ఏమరుపాటున మేము వస్తూ తెచ్చి బల్లమీద పెట్టిన ఫ్లాస్కు అందుకుని, ఒక్క తిప్పు తిప్పి మూత తీసి ఇద్దరి ముందూ పెట్టింది. అంతే, ఒక్క తిప్పు. అల్లం ఆవిరి గదంతా వచ్చింది. నా రక్తం గొట్టంలోకి ఎక్కుతోంది, నల్లగా, తొందరేమీ లేకుండా, లోపల ఎవరెవరున్నారో, వీర్యో గారున్నారో, పనసపండు చూసి మీదపడే కుర్రాళ్ళున్నారో.

"ఏం చెప్పేదానివే మీ అమ్మకి?" అని అడిగాను.

"ఒక్క స్నానంలో చెప్పగలిగేవి కావు ఇబూ."

అల్లం నీళ్ళు ఒక గుక్క తాగాను, బాగా కాగింది, చక్కెర మాత్రం ఎక్కువ. సెనో చేతికి క్లాతెన్ అలవాటు పట్టింది.

"ఇవాళ సాయంత్రం వంటింట్లో కూర్చునే మాట్లాడు, నీళ్ళెందుకు వృథా," అన్నాను. "కానీ నా జబ్బు సంగతి చెప్పేటప్పుడు వయసు సరిగ్గా చెప్పు. అరవై నాలుగు కాదు. ముప్ఫై ఒకటి."